మస్టీ

రికార్డు రూము తాళం తీస్తే
ముందుగాల గడప దాటేది మనిషి గాదు, వాసన.
కల్వకుర్తి తహసీలాఫీసు ఎనుక దిక్కు
కిటికీలకు రేకులు కొట్టిన అర్ర.
ఇరవై రెండేండ్ల సంది దాని తాళంచెయ్యి
మా నాయిన మొలతాడుకే ఉన్నది.

పట్నం కెళ్లి తనిఖీకొచ్చిన సారు
ఒక కాలు లోపట, ఒక కాలు బైట పెట్టి
దస్తీ ముక్కుకు అడ్డం బట్టి
"మస్టీ... వెరీ మస్టీ" అన్నడట.

ఆ రాత్రి బువ్వ కాడ మా నాయిన మొకం జూడాలె.
"సారుకు మన అర్ర మస్తు నచ్చిందే!
ఒక్కసారి గాదు, రెండుసార్లన్నడు."
అమ్మ ఇంకో గంటెడు పప్పు పోసింది.
కుర్మయ్య కొలువుకు గంతకన్నా బిరుదేం గావాలె?

నేనప్పుడు ఇంటరు రెండో సాలు.
తెల్లారి కాలేజీల డిక్షనరీ అడిగిన.
అట్ట లేదు.
ఎం అచ్చరం కాడ కాయితాలు ఒకదానికొకటి అంటుకున్నయి.
గోరుతోని మెల్లగ ఇడదీస్తే
లోపటి కెళ్లి మా నాయిన అంగి వాసనొచ్చింది.
సదవకముందే అర్థమైంది.

చెప్పలే.
రెండు నెల్లు కడుపుల పెట్టుకున్న.

నాయినకు సదువు మూడో తరగతే.
ఉర్దూ పహాణీలు ఆయనకు గీతలు, చుక్కలు.
అయినా ఏ మూట యాడుందో ముక్కు జెప్తది.
ఎర్రగుడ్డ విప్పకుంటనే అంటడు:
ఇది ముక్కిన జొన్నల వాసన, పెద్దవానకు తడిసిన సాలుది.
ఇది చిలుం వాసన, ఇత్తడి ముద్రల పెట్టె పక్కపొంటి పండింది.
ఇది కమురు, కందిలి నూనె ఒలికింది, ఎవరో రాత్రి కూసోని రాసిండ్రు.
ఇది బూజు గాదు బిడ్డా, చెమట.
పట్వారి చెమటనా, పట్టాదారు చెమటనా
గది మాత్రం నన్నడగకు.

దుందుభి వాగు అవతలి కెళ్లి ఈదమ్మ అనే ముసలామె వచ్చింది ఒకనాడు.
ఎకరం ఇరవై గుంటలు, నకలు గావాలె.
కరెంటు లేదు.
కంప్యూటరు కాడి పిలగాడు "రేపు రా" అన్నడు.
ఆమెకది ఎన్నో రేపో.

నాయిన చీకట్లకు వొయ్యిండు.
నేను టిఫిను గిన్నె పట్టుకొని గడపల నిలబడ్డ.
తుమ్ములు ఇనబడ్డయి, మూడు.
తరువాత మూట కింద పడ్డ సప్పుడు.
బల్లిని తిట్టిన తిట్టు.
ఆఖరికి ఒక కాయితం పట్టుకొని బైటికొచ్చిండు,
రెప్పల మీద దుమ్ము.

ఈదమ్మకు అచ్చరాలు రావు.
కాయితం అటు తిప్పింది, ఇటు తిప్పింది,
ముక్కు కాడికి తీస్కపోయింది.
"గిదే," అన్నది.
"మా నాయిన సందుగ తెరిస్తే గిట్లనే వస్తుండె."
కండ్లు తుడుసుకోలే, కొంగుతోని కాయితం తుడిసింది.

బస్టాండు దిక్కు నడుస్తుంటే ఇగ ఆగలేక చెప్పిన.
"నాయినా, సారన్నది మస్తు గాదు.
మస్టీ అంటె ముక్కవాసన, గాలాడని అర్ర."
బీడి ముట్టించబోయి ఆగిండు.
చాయ్ బండి దాటినం, ఎరువుల దుకాణం దాటినం.
"అబద్ధమైతె జెప్పలే గద," అన్నడు.
ఇంకింత దూరం పోయినంక
"గన్ని వాసనలకు గా ఒక్క మాటనేనా ఆళ్లకు?" అన్నడు.

మూటలన్ని లారీల ఎక్కించుకపోయి ఏడాదైంది.
కిటికీల రేకులు పీకిండ్రు, సున్నమేసిండ్రు.
ఆ అర్రల ఇప్పుడు మీటింగులైతయి,
అగరుబత్తి ముట్టిస్తరు.
నాయినను గేటు కాడ ఏసిండ్రు.

అమ్మ ఇప్పటికీ ఆయన అంగీలు
వేరే బకీట్ల నానబెడ్తది,
వేరే తాడు మీద ఆరేస్తది.
పోలేదింకా అని గునుగుతది.
ఆయితారం పొద్దున
ఆ తాడు కింద కుర్చేసుకొని కూసుంటడు నాయిన,
ఎండకని చెప్తడు.